రక్తం ఇచ్చే ఆడవాళ్లను ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి

భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శి గారికి, న్యూదిల్లీ.

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఉండేది విజయనగరంలో. మీ శాఖతో నాకు ఎప్పుడూ పని పడలేదు, పడుతుందనీ అనుకోలేదు. పోయిన సంక్రాంతికి మా చెల్లెలు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఆమె వయసు 58 అని ఉంది.

మా చెల్లెలికి 52.

వాళ్లబ్బాయి అమెరికాలో ఉంటాడు. తల్లి ఆరోగ్యం మీద బెంగతో అక్కడి ఒక ప్రైవేటు కంపెనీ అమ్మే పరీక్ష పెట్టె తెచ్చి, వేలు పొడిచి, అట్టముక్క మీద రక్తం చుక్కలు వేయించి వెంట పట్టుకెళ్లాడు. రక్తంలో ఉన్న డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులు చదివి ఒంటి వయసు చెప్పే పరీక్ష అది. "ఏటప్పా ఇది? నాను ఆరేళ్లు ముందే ముసిలిదాన్నయిపోనానా?" అంది. ఇలాంటి లెక్కలు ఒక్క మనిషి విషయంలో మూడు నాలుగేళ్లు అటూ ఇటూ పోవడం మామూలే, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తప్పుతాయి, బెంగ పెట్టుకోకు అని చెప్పి పంపేశాను. తర్వాత ఆ కంపెనీ నింపించుకున్న ఫారం చూశాను. లింగం అన్నచోట ఎఫ్ అని టిక్కు. పొగ తాగుతారా అన్నచోట లేదు అని టిక్కు. తక్కినవన్నీ చిరునామా, కార్డు నంబరు లాంటివే. మా చెల్లెలికి 34వ ఏట గర్భసంచి తీసేశారు. ఆ సంగతి రాయడానికి ఫారంలో చోటే లేదు.

కంపెనీ మీద నాకు పెద్ద కోపం లేదు. అది వ్యాపారం. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం వేరే ఉంది. 2025 జనవరి 9న జీనోమ్ఇండియా సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. దేశమంతటా దాదాపు 20,000 మంది రక్తం సేకరించి, 10,000 మంది జన్యుక్రమాలు చదివి, ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయొలాజికల్ డేటా సెంటర్‌లో భద్రపరిచారు. మా హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా అందులో పాలుపంచుకుంది. గొప్ప పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే అది అక్షరాలు చదివిన పని. ఆ అక్షరాల మీది గుర్తులు చదివే పని ఎప్పుడో ఒకప్పుడు ఈ దేశం తలపెట్టక తప్పదు. ఆ రోజున ఫారంలో లింగం అన్న ఒక్క గడి పెట్టి, తర్వాత లెక్కల్లో దాన్ని "సర్దుబాటు" చేసి పక్కన పడేస్తారేమోనని నా భయం. ఆ గడిని విప్పి చూడమని అడగడానికే ఈ ఉత్తరం.

మీకు తెలిసినవే ముందుగా కొన్ని చెప్పాలి. బహిరంగ లేఖ కదా, పక్కవాళ్లూ చదువుతారు. మిథైల్ అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. ఇంత చిన్న తునక వెళ్లి డీఎన్‌ఏలోని సి అనే అక్షరానికి అతుక్కుంటుంది, ముఖ్యంగా ఆ సి వెంట జి వచ్చేచోట. మనిషి డీఎన్‌ఏలో అలాంటి చోట్లు సుమారు 2.8 కోట్లున్నాయి. క్లాసులో నేను నల్లబల్ల మీద క రాసి చదవమనేదాన్ని. తర్వాత దాని మీద పొల్లు పెట్టి మళ్లీ చదవమనేదాన్ని. అక్షరం అదే, గొంతు పడిపోయింది. మిథైల్ చేసే పని ఇంచుమించు అంతే. కణం రెండుగా చీలినప్పుడు అక్షరాలతోపాటు ఈ పొల్లులూ నకలవుతాయి. పోలిక పూర్తిగా కుదరదు, ఒప్పుకుంటాను. జన్యువు మొదట్లో పడ్డ గుర్తు దాని నోరు నొక్కుతుంది గానీ, జన్యువు నడిమిలో పడ్డ గుర్తు చాలాసార్లు అది జోరుగా పనిచేస్తోందనడానికి ఆనవాలు. డిగ్రీ మొదటి ఏడాదికి పొల్లు చాలు.

చదివే పద్ధతి కూడా ముచ్చటగా ఉంటుంది. డీఎన్‌ఏకు బైసల్ఫైట్ పట్టిస్తే గుర్తు లేని సీలన్నీ రూపు మారిపోతాయి, గుర్తున్నవి చెక్కు చెదరవు. ఆ తేడాని చిప్ మీద కొలుస్తారు. 2011లో వచ్చిన చిప్ 4.5 లక్షల చోట్లు చూసేది, ఇప్పటిది 9 లక్షలు దాటింది. ఎక్కువ పరిశోధన రక్తం మీదే జరిగింది. మెదడునో కాలేయాన్నో కోసి ఇవ్వమని ఎవర్ని అడుగుతాం? ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి చదివేదంతా తెల్లకణాల కథే.

ఆ తెల్లకణాల్లో ఆడా మగా తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. ఇక్కడ కొంచెం నిదానించనివ్వండి, ముప్పై ఏళ్లు చెప్పినా నాకు తనివి తీరని పాఠం ఇది. 1949లో కెనడాలో మర్రే బార్, బెర్‌ట్రమ్ అనే ఇద్దరు పిల్లి నాడీకణాలు చూస్తుంటే, ఆడపిల్లి కణాల్లోనే ఒక నల్లటి చుక్క కనబడింది. అదేమిటో చాలా ఏళ్ల దాకా తేలలేదు. 1961లో ఇంగ్లండులో మేరీ లయన్ ఎలుకల ఒంటి రంగులు చూసి, ఆడ కణంలో ఉన్న రెండు ఎక్స్‌లలో ఒకటి మూతపడుతుందని చెప్పింది. మన వీధుల్లో తిరిగే నలుపు, నారింజ, తెలుపు కలిసిన మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగు జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. పిండం తొలి రోజుల్లో ఒక కణం తల్లి ఎక్స్‌ను, పక్క కణం తండ్రి ఎక్స్‌ను మూసేస్తాయి. ఏది మూయాలన్నది చీటీలు వేసినట్టే. ఒకసారి మూశాక దాని సంతతి అంతా ఆ మాట మీదే నిలబడుతుంది. పిల్లికి అది ఒంటి మీద మచ్చలుగా బయటపడింది. ఆడ మనిషి రక్తంలోనూ అదే కథ, కాకపోతే పైకి కనబడదు. ఏ స్త్రీ తెల్లకణాలు తీసుకున్నా అమ్మ ఇచ్చిన ఎక్స్‌తో బతికేవి కొన్ని, నాన్న ఇచ్చిన ఎక్స్‌తో బతికేవి కొన్ని.

మూసిన ఎక్స్‌ను మూసినట్టే ఉంచే తాళాల్లో మిథైల్ గుర్తు ఒకటి. అందుకే ఎక్స్ మీద చాలా జన్యువుల మొదట్లో మగవారి రక్తంలో గుర్తు దాదాపు సున్నా ఉంటుంది, ఆడవారిలో సగానికి దగ్గర. 1992 నుంచి ప్రయోగశాలలు ఈ గుర్తును ఆసరా చేసుకుని, ఎక్స్ మీదున్న ఆండ్రోజన్ గ్రాహక జన్యువు దగ్గర ఒక పరీక్ష చేస్తున్నాయి. ఒక స్త్రీ రక్తంలో ఒక ఎక్స్‌తో బతికే కణాలెన్ని, రెండోదానితో బతికేవెన్ని అని అది లెక్క తేలుస్తుంది. పడుచువాళ్లలో పంపకం ఎక్కువగా సగం సగం చుట్టూ ఉంటుంది. అరవై దాటినవారిలో ఒక పక్కకి బాగా ఒరిగిపోవడం ఎక్కువ కనిపిస్తుంది. ఎముక మూలుగలో ఒక కణవంశం మిగతావాటిని దాటేసి పెరగడం అందుకు ఒక కారణం.

మూసిన ఎక్స్ పూర్తిగా చల్లారదు కూడా. దాని మీద ఉన్న జన్యువుల్లో సుమారు 15 శాతం మూత తప్పించుకుని పనిచేస్తూనే ఉంటాయి. నివురు గప్పిన నిప్పు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ నిప్పురవ్వల్లో టీఎల్‌ఆర్7 ఒకటి. వైరస్ జాడ పట్టి రోగనిరోధక కణాన్ని లేపే జన్యువు. ఆడవారి రోగనిరోధక కణాల్లో కొన్నిటిలో ఇది రెండు ఎక్స్‌ల మీదా పనిచేస్తుందని 2018లో చూపించారు. రోగనిరోధక కణాలు సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బు వచ్చినవారిలో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే ఎందుకన్న పాత ప్రశ్నకు ఇది మొత్తం జవాబు కాదు గానీ, జవాబు ఎక్కడ వెతకాలో చెబుతోంది. రెండు ఎక్స్‌లూ ఒక వై ఉండి మగవాడిగా పుట్టినవారికి, అంటే క్లైన్‌ఫెల్టర్ ఉన్నవారికి, లూపస్ ముప్పు మామూలు మగవారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దీన్ని ఒక్క హార్మోన్ల మీదే నెట్టేయలేమనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇంత కథ మోసే క్రోమోజోమ్‌కు పరిశోధనల్లో జరుగుతున్న మర్యాద చూడండి. రక్తం నమూనాలు తారుమారయ్యాయేమోనని తెలుసుకోవడానికి ముందుగా ఎక్స్ మీది గుర్తులే చూస్తారు. ఫారంలో ఎఫ్ అని ఉంది, ఎక్స్ కూడా అలాగే ఉందా, సరే. ఆ పని అయ్యాక ఎక్స్, వై రెండిటినీ లెక్కలోంచి తీసేస్తారు. పెళ్లికొచ్చినవాళ్ల శుభలేఖలు చూసి లోపలికి పంపిన మనిషిని భోజనాల వేళకు బయటే నిలబెట్టినట్టు. మగవారికి ఒక ప్రతి, ఆడవారికి రెండు ప్రతులు ఉంటే లెక్క కలిపి కట్టడం కష్టం, ఆ ఇబ్బంది నిజమే. కలిపి కట్టకండి, విడివిడిగా కట్టండి.

ఎక్స్ సంగతి అలా ఉంచితే, మిగతా 22 జతల మీద ఆడా మగా తేడా ఉందా? చాలాకాలం దీనికి తప్పు జవాబులు వచ్చాయి. చిప్ మీద అతికించిన తునకల్లో కొన్ని, తాము పట్టుకోవాల్సిన చోటుతోపాటు ఎక్స్ మీదో వై మీదో అలాగే ఉన్న ఇంకో చోటునూ పట్టుకుంటాయి. 4.5 లక్షల చిప్‌లో అలా రెండు చోట్లకి అతుక్కునేవి సుమారు 6 శాతమని 2013లో తేలింది. ఆ వడపోత చేయకుండా అంతకుముందు వచ్చిన "ఆడ మగ తేడా"ల్లో చాలావరకు ఎక్స్ నీడలే. కంచంలో కనిపించిన చంద్రుణ్ణి పట్టుకున్నట్టు.

నీడలు తీసేశాక కూడా తేడా మిగిలింది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ ప్రాంతంలో 1,799 మంది రక్తం చూసి 2015లో ప్రకటించిన పరిశోధనలో 1,184 చోట్ల తేడా కనబడింది. ఎక్కువ చోట్ల గుర్తులు ఆడవారిలోనే ఎక్కువ. తర్వాత బ్రిటన్‌లో ఇంకా పెద్ద చిప్‌తో చూసినా మొగ్గు ఆడవారి వైపే ఉంది. అన్నిటికన్నా నన్ను ఆపేసింది పసిపిల్లల లెక్క. 8,000 మందికి పైగా అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తాన్ని అనేక దేశాల వాళ్లు కలిపి చూస్తే 40,000కు పైగా చోట్ల ఆడబిడ్డకీ మగబిడ్డకీ తేడా ఉంది. ఇంకా చెవులు కుట్టలేదు, గాజులు వేయలేదు, "ఆడపిల్లవి, నెమ్మదిగా మాట్లాడు" అని ఎవరూ అనలేదు. అప్పటికే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా నేనే చేయాలి, లేకపోతే రేపు ఏదో పత్రిక "ఆడ రక్తం వేరు, మగ రక్తం వేరు" అని శీర్షిక పెట్టేస్తుంది. ఈ తేడాల్లో చాలావరకు కొద్ది శాతాలే. ఒక గుంపు సగటు ఒకచోట, ఇంకో గుంపు సగటు దాని పక్కనే. మనుషులు మాత్రం రెండు గుంపుల్లోనూ కలగలిసి ఉంటారు. దీన్ని పట్టుకుని ఎవరి తెలివికీ ఓర్పుకీ లెక్క కట్టేవాడు మూర్ఖుడు. ఇంకో చిక్కు తెల్లకణాల్లోనే ఉంది. తెల్లకణం అంటే ఒకటి కాదు, న్యూట్రోఫిల్ ఉంది, మోనోసైట్ ఉంది, రకరకాల లింఫోసైట్లున్నాయి. ప్రతి రకానిదీ తన గుర్తుల వరస. ఆడవారి రక్తంలో సీడీ4 అనే సహాయక టీ కణాల వాటా సగటున కొంచెం ఎక్కువ. గర్భంతో ఉంటే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. కణాల పాళ్లు చూడకుండా గుర్తులు లెక్కపెడితే, బియ్యంలో పప్పు ఎంత కలిసిందో చూడకుండా కిచిడీ రుచి మీద తగువులాడినట్టే. చిప్ లెక్కల నుంచి పాళ్లు అంచనా వేసే పద్ధతులు 2012 నుంచి ఉన్నాయి. కానీ తెల్లకణాల పాళ్లు చెప్పే ఒక మామూలు సీబీపీ రక్తపరీక్ష చేయించి కాగితం జతపెట్టడం ఎంత సేపు?

ఇప్పుడు నా అసలు మాట. పుట్టుకతో వచ్చిన తేడా ఒకటి, బతుకు రాసిన తేడా ఇంకొకటి. రెండూ ఎఫ్ అనే ఒక్క అక్షరం కిందే చేరిపోతున్నాయి.

వయసు లెక్కనే తీసుకోండి. 2013లో హానమ్ అనే శాస్త్రవేత్త బృందం 656 మంది రక్తం నుంచి 71 చోట్లతో ఒంటి వయసు చెప్పే ఒక గడియారం తయారు చేసింది. మగవారిలో అది సుమారు 4 శాతం వేగంగా తిరుగుతోందని అప్పుడే గమనించారు. అదే ఏడాది స్టీవ్ హోర్వత్ 353 చోట్లతో ఏ కణజాలానికైనా పనికొచ్చే ఇంకో గడియారం కట్టాడు. మా చెల్లెలికి నేను చెప్పిన మూడు నాలుగేళ్ల మాట ఆయన లెక్కలోదే, అక్కడ నడిమి పొరపాటు 3.6 ఏళ్లు. ఆడవారి గడియారం నెమ్మదన్నమాట, బాగానే ఉంది. కానీ 2016లో 3,000 మందికి పైగా ఆడవాళ్ల మీద వచ్చిన పరిశోధన ఒక పక్క తలుపు తెరిచింది. ముట్లు తొందరగా ఉడిగినవారి రక్తం, రెండు అండాశయాలూ తీయించుకున్నవారి రక్తం తమ వయసుకన్నా ముందుకు జరిగి కనిపించాయి.

కార్యదర్శి గారూ, ఈ ఒక్క వాక్యాన్ని మా రాష్ట్రాల పక్కన పెట్టి చదవండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలోనే ఎక్కువ. కడుపునొప్పి అని వెళ్తే, తెల్లబట్ట అని వెళ్తే, "క్యాన్సరవుతుంది, తీసేద్దాం" అన్న మాట విని తీయించుకుని వచ్చినవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. పొలం పనికీ కూలికీ వెళ్లేవాళ్లలో మరీ ఎక్కువ. గర్భసంచి తీసేటప్పుడు అండాశయాలు ఉంచారా తీశారా అన్నది వారిలో చాలామందికి ఎవరూ చెప్పరు. మా చెల్లెలిది పద్దెనిమిదేళ్ల కిందటి డిశ్చార్జి కాగితం, ఇల్లంతా వెతికినా దొరకలేదు. అండాశయాలు ఉంచినా, గర్భసంచి పోయినవారిలో అవి కొంత ముందే పని మానుకునే అవకాశం ఎక్కువ. అయితే ముట్లే లేవు కాబట్టి ఎప్పుడు మానుకున్నాయో ఆ మనిషికీ తెలియదు. "ముట్లు ఎప్పుడు ఆగాయి?" అని అడిగి 34 అని రాసుకుంటే, అండాశయాలు పోయినామె, ఉన్నామె ఇద్దరూ ఒకే గడిలో పడతారు.

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 1,735 మంది యువతీయువకుల మీద 2024లో వచ్చిన ఒక పరిశోధన గర్భాల సంగతీ ఇలాగే చూపించింది. ఎక్కువసార్లు గర్భం దాల్చిన ఆడవారి రక్తపు గడియారం ఒక్కో గర్భానికి రెండు మూడు నెలలు ముందుంది. ఎన్నిసార్లు తండ్రయినా అదే వయసు మగవారిలో అలాంటి జాడ లేదు. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధన, గర్భంలో ముందుకు జరిగిన ముల్లు కాన్పు తర్వాత వెనక్కి రాగలదని కూడా చూపించింది. కాబట్టి కాన్పయి ఎన్ని నెలలైందో కూడా అడగాలి. ఎన్ని కాన్పులు అని మాత్రమే కాదు, పోయిన గర్భాలెన్ని అని కూడా.

ఇక పొగ. మిథైలేషన్ లోకంలో అన్నిటికన్నా గట్టి సాక్షి ఇదే. ఐదో క్రోమోజోమ్ మీద ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువు దగ్గర ఒక చోటుంది. పొగతాగేవారిలో అక్కడ గుర్తు బాగా చెరిగిపోతుంది, మానేస్తే ఏళ్ల తరబడి నెమ్మదిగా తిరిగొస్తుంది. గర్భంలో ఉండగా తల్లి పొగతాగితే బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనే ఆ చెరుపు కనిపిస్తుంది. మనిషి అబద్ధం చెప్పినా రక్తం చెప్పదు. మా ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్లున్నారు. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా అని కొందరు, ఇంట్లో పెద్దవాళ్లకి కనబడకుండా అని కొందరు చెబుతారు. అంగిలి మీద దాని మచ్చలు చూసి నోటి క్యాన్సర్ వైద్యులు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. మా మేనత్త ఇప్పటికీ కాలుస్తుంది. కొన్నేళ్ల కిందట ఏదో ఆరోగ్య సర్వే కుర్రాడొచ్చి పొగ తాగుతారా అని అడిగితే, "సీ! నాను సిగరెట్లు కాల్తానేటి?" అని గదమాయించి పంపేసింది. ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు. సిగరెట్టు మగాళ్లది, అడ్డపొగ అలవాటు. అతను లేదు అని టిక్కు పెట్టుకుని పోయాడు. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లని, కట్టెల పొయ్యి ముందు ఇరవై ఏళ్లు ఊదినవాళ్లని కూడా ఆ టిక్కు అలాగే మింగేస్తుంది.

తిండి గురించి ఎక్కువ చెప్పను, మీ శాస్త్రవేత్తలకే బాగా తెలుసు. మిథైల్ తునకలు ఎక్కడో ఆకాశంలోంచి రావు, ఫోలేట్, బి12 నడిపే చక్రంలోంచి వస్తాయి. పుణె తల్లుల మీద దశాబ్దాలుగా జరుగుతున్న పని, అందులో సీసీఎంబీ వాళ్లు బి12 ఇచ్చి గుర్తులు ఎలా మారుతాయో చూసిన పని మన దేశంలోనే ఉన్నాయి. ఇంట్లో చివర తినేది ఎవరో, గుడ్డూ పాలూ ఎవరి కంచంలో తగ్గుతాయో ఏ ఇల్లాలినైనా అడగండి. ఇదీ ఎఫ్ కిందే పడుతుంది. పుట్టుక వల్లా, వడ్డన వల్లా అని విడదీయకపోతే వడ్డన చేసిన తప్పును పుట్టుక మీద రాసేస్తాం.

మగవాళ్లకి అన్యాయం చేస్తున్నానని అనుకోవద్దు. వాళ్ల రక్తంలోనూ ఒక వింత జరుగుతుంది. వయసు పైబడే కొద్దీ తెల్లకణాల్లో కొన్ని తమ వై క్రోమోజోమ్‌నే పారేసుకుంటాయి. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మగవారిని చూస్తే 70 ఏళ్ల వాళ్లలో ఐదింట రెండు వంతుల మందికి పైగా ఆ జాడ ఉంది. పొగ తాగేవారిలో ఇంకా ఎక్కువ. వై ని లెక్కలోంచి తీసేస్తే ఇది కూడా కనబడదు.

ఎఫ్, ఎమ్ అన్న రెండు గళ్లలో పట్టని మనుషుల సంగతి కూడా ఉంది. తమ లింగ గుర్తింపుకు తగ్గ హార్మోన్లు తీసుకుంటున్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్తం మీద ఆస్ట్రేలియాలో జరిగిన ఒక చిన్న పరిశోధనలో, ఏడాదిలో కొన్ని చోట్ల గుర్తులు మారాయి. పుట్టుకతో వచ్చిన ఆడ మగ తేడాల్లో చాలావరకు అలాగే నిలిచాయి. ఏది హార్మోన్ పని, ఏది క్రోమోజోమ్ పని అని తేల్చడానికి ఇంతకన్నా మంచి సాయం మనకి ఇంకెవరు చేయగలరు? వాళ్లని ఫారం చివర "ఇతరులు" అని ఒక గడిలో తోసి, తర్వాత సంఖ్య చాలలేదని తీసేయడం మాత్రం వద్దు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఈ పని మొదలైనప్పుడు రక్తం ఇచ్చేవారిలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, అదీ ఆసుపత్రికి వచ్చినవాళ్లే కాకుండా. ఆడవారి లెక్క, మగవారి లెక్క ముందు విడివిడిగా వేసి, తర్వాత కలపండి. ఎక్స్, వై మీది గుర్తులను పారేయకుండా అందరూ చూసేలా పెట్టండి. వయసు గడియారాలు అమ్ముకునేవాళ్లు మన ఆడవాళ్ల మీద సరిచూసుకున్నారా లేదా అని అడిగే బాధ్యత ఎవరిదో నాకు అర్థం కాలేదు. మీదే అయితే అడగండి. అన్నిటికన్నా ముందు ఫారం మార్చండి.

ఫారం తెలుగులో ఎవరు రాస్తారో నాకు తెలుసు. ఇంగ్లిష్‌లోది తెచ్చి ఎవరితోనో అనువాదం చేయిస్తారు. "రుతువిరతి వయసు" అని అచ్చవుతుంది. మా ఊళ్లో ఆ మాట అంటే ఏదో కొత్త పథకం అనుకుంటారు. ముట్లుడిగి ఎన్నేళ్లయింది అని అడగండి, ఎవరైనా చెబుతారు. పెద్దాపరేషన్ అయిందా అని అడగొద్దు. కొన్ని ఊళ్లలో పెద్దాపరేషన్ అంటే గర్భసంచి తీయడం, ఇంకొన్ని ఊళ్లలో సిజేరియన్. "గర్భసంచి తీశారా? తీస్తే ఎన్నో ఏట? కాగితం ఉందా, చూపిస్తారా?" అని అడగండి. కాగితం లేకపోతే లేదు అనే రాయండి, అండాశయాలు ఉన్నాయని మీరే ఊహించుకోవద్దు. పొగ తాగుతారా అని కాదు, "చుట్ట, బీడీ, అడ్డపొగ, పొగాకు నమలడం, పళ్లకి ముక్కుపొడి రాయడం, వీటిలో ఏదైనా ఉందా? కట్టెల పొయ్యి ఎన్నేళ్లు?" అని. అడిగేది ఆడమనిషై ఉండాలి, అత్తగారో మగడో పక్కన లేనప్పుడు అడగాలి. ఈ ప్రశ్నల ముసాయిదా ఒకటి నా చేతిరాతతో ఈ ఉత్తరానికి జతచేశాను. తెలంగాణ మాటలో ఎలా అడగాలో కరీంనగర్‌లో ఉన్న నా పాత విద్యార్థిని సరిదిద్దింది. మీకు పనికొస్తే వాడుకోండి, పేరు వేయనక్కర్లేదు.

మా చెల్లెలు మాత్రం ఇంకోసారి రక్తం ఇవ్వనంటోంది. మీ ఫారం మారితే ఒప్పించి తీసుకొస్తాను. మా మేనత్తని కూడా.

ఇట్లు,
రిటైరైన జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
విజయనగరం.